ఆకాశం కింద నోరు

రండర్రా, కిటికీ దగ్గరున్నవాళ్లు కూడా ఇటు జరగండి. పుస్తకాలు సంచుల్లో పెట్టేయండి. ఏయ్ రత్నమాలా, చెప్పులు తర్వాత వెతుక్కోవచ్చు, ముందు కూర్చో. ఒంటిపూట బడేగా, గంట కొట్టడానికి ఇంకా కాసేపుంది. ఈలోపల ఒక అడవి చూసొద్దాం.

ఒక పెద్ద అడవిలో మంగతాయి అనే పందికొక్కు ఉండేది. మద్దిచెట్టు మొదట్లో దాని కలుగు. ఆ కలుగులోనే చిన్న పూటకూళ్లు నడిపేది. ఉడకేసిన చిలగడదుంపలు, అలసంద గుగ్గిళ్లు, చింతచిగురు పచ్చడి. అంతే. కానీ ఆ పచ్చడి వాసనకి మూడు కొండల అవతల నుంచి కూడా వచ్చేవాళ్లు.

చిక్కల్లా చోటుతోనే. లోపల ఇద్దరు కూర్చుంటే మూడోవాడు గోడ. అందుకని మంగతాయి బయట చెట్టు నీడన ఆరు తాటాకు చాపలు పరిచింది. దుప్పులు, ముళ్లపందులు, ఎలుగుబంట్లు అక్కడే కూర్చుని తినేవి. తిన్నవాళ్లు తలా ఇన్ని గింజలు పెట్టి పోయేవాళ్లు. వానాకాలం వస్తే కలుగు దాటి కాలు బయటపెట్టడం కుదరదు. తొమ్మిదిమంది పిల్లలతో ఆ నాలుగు నెలలూ ఆ గింజల మీదే గడవాలి.

ఆ పక్క గట్టు మీద పెద్ద గుహ ఉంది. అందులో పానకాలు అనే నక్క భోజనశాల పెట్టాడు. నలభైమంది కూర్చోవచ్చు. ఎండాకాలం కూడా చల్లగా ఉంటుంది. అయినా ఎవరూ వెళ్లేవాళ్లు కాదు. ఎందుకో చెప్పండి? నక్క పిలిచిన భోజనానికి కుందేలు వెళ్తే, తినొస్తుందో, తినబడొస్తుందో తెలియదు కదా!

పానకాలు రోజూ గుహ గుమ్మంలో నిలబడి ఆ ఆరు చాపల వంక చూసేవాడు. చూసి చూసి ఒకరోజు అడవి సంఘం అధ్యక్షుడి దగ్గరికి పోయాడు. అధ్యక్షుడు ఏనుగు, పేరు భీమశంకరం. మంచివాడే. కాకపోతే ఆలోచన నడిచొచ్చేసరికి ఆయన నోట్లోంచి మాట వెళ్లిపోతుంది.

"అయ్యా, తమరు ఏటికి వెళ్లే దారిలో ఆ మంగతాయి చాపలు పరుస్తోంది, చూశారా?"

"లేదే. నాకెప్పుడూ అడ్డం రాలేదే?"

"తమరు తలెత్తుకు నడిచే పెద్దలు, కిందకెందుకు చూస్తారు? రేపు తింటున్నవాడి తోక తమరి పాదం కింద పడిందనుకోండి. పేరెవరికి పోతుంది?"

భీమశంకరం చెవులు ఆడటం ఆగిపోయింది. "నిజమేనయ్యా! ఏదో ఒకటి చెయ్యాలి."

"తమరికెందుకు శ్రమ? నేనే రాసుకొచ్చాను," అని పానకాలు చంకలోంచి మోదుగాకు తీశాడు.

మర్నాడు సభలో సంఘం కార్యదర్శి ఆ ఆకు చదివాడు. ఆయన కొంగ, పేరు సీతాపతి. లంచం తినడు, అబద్ధమాడడు, రాసింది తప్ప ఇంకోటి ఎరగడు. ఏదైనా సందేహం వస్తే ఒంటికాలి మీద నిలబడతాడు, తీరాక రెండోకాలు దించుతాడు.

"ఈ అడవిలో ఎవరైనా సరే, తినేటప్పుడు నోరు కప్పు కింద ఉండవలెను. ఆకాశం కింద నోరు ఆడించదలచినవారు సంఘం అనుమతి పొందవలెను." అంతవరకు చదివి సీతాపతి ఒక కాలు పైకెత్తాడు. "చెట్టు కప్పవుతుందా?"

"అయ్యో, కాదండీ!" పానకాలు గబుక్కున అందుకున్నాడు. "చెట్టుకి చిల్లులుంటాయి. రాయో మట్టో అయ్యుండాలి."

కాలు దిగింది. అందరూ చేతులెత్తారు. నెల తిరిగాక అమలు అనుకున్నారు. ముళ్లపంది ఓబులేసు ఒక్కడే వెనకనుంచి గొణిగాడు: "దొంగ ఇంటికి కన్నం వెయ్యడం విన్నాంగానీ, ఇల్లుందని కన్నం వెయ్యడం ఇదే చూడ్డం." ఆ మాట ఎవరికీ అర్థం కాలేదు. వాడికీ సరిగ్గా అర్థమైనట్టు లేదు. కానీ బాగుందని అందరూ నవ్వారు.

మంగతాయి చాపలు చుట్టేసి అర్జీ పట్టుకెళ్లింది. సీతాపతి దాన్ని తీసుకుని రాతి కింద పెట్టాడు. ఏడోరోజున తీసి చూశాడు.

"ఇది చెల్లదమ్మా. ఆకు ఎండిపోయింది. అర్జీ పచ్చాకు మీద ఉండాలి."

"తెచ్చిన రోజు పచ్చగానే ఉంది కదా బాబూ!"

"ఉండొచ్చు. నేను చూసిన రోజు ఎండి ఉంది."

మళ్లీ తెచ్చింది. మళ్లీ ఏడోరోజుకి ఎండింది. మూడోసారి నాలుగు కాలాలూ పచ్చగా ఉండే కలబంద మట్ట మీద గీరి తెచ్చింది. తెలివైనదే! సీతాపతి అటూ ఇటూ తిప్పి చూశాడు. "పచ్చగానే ఉంది. కానీ ఇది ఆకు కాదు, మట్ట."

"పిల్లలు తొమ్మిదిమంది బాబూ. నేరేడుపళ్లు రాలుతున్నాయి. వాన వచ్చేస్తోంది."

"నాకు తెలుసమ్మా. నాకూ బాధగానే ఉంది," అన్నాడు సీతాపతి. నిజంగానే ఉంది పాపం. "బాధ రాయడానికి ఇందులో చోటు లేదు."

ఇక అమలు రోజు వచ్చింది. సీతాపతి తెల్లారకుండానే బయల్దేరాడు. మద్దిచెట్టు కింద ఒక్క చాప లేదు. బాగుంది. నాలుగడుగులు వేశాడో లేదో, పచ్చికలో ఒక దుప్పి తలవంచుకుని మేస్తోంది.

"ఆగు. నీ నోరు ఎక్కడుంది?"

"గడ్డిలో ఉందండీ."

"గడ్డి మీద?"

దుప్పి తలెత్తి చూసింది. "ఆకాశం."

"అనుమతి ఉందా?"

చూశార్రా? చాపలు తీయించే హడావిడిలో ఒక సంగతి అందరూ మర్చిపోయారు. అడవిలో పుట్టినవాడు తినేదే ఆరుబయట! పొద్దెక్కేసరికి కోతుల నోట్లో పళ్లు ఆగిపోయాయి, పందుల నోట్లో దుంపలు ఆగిపోయాయి. చెరుకుగడ పట్టుకున్న ఎలుగు దాన్ని వీపు వెనక దాచుకుంది.

అప్పుడందరికీ పానకాలు గుహ గుర్తొచ్చింది. భయమా? భయమే. కానీ ఆకలి దానికంటే పెద్దది. గుహ ముందు వరస ఏటి దాకా సాగింది. పానకాలుకి పట్టరాని ఆనందం. "తోసుకోకండమ్మా, తోసుకోకండి! అందరికీ ఉంది! పక్షులు కుడివైపు, కొమ్ములున్నవాళ్లు వెనకవైపు!"

ఈలోపల సీతాపతి వెదురుపొద దగ్గరికి చేరాడు. అక్కడ భీమశంకరం పొద్దుటి ఫలహారం కానిస్తున్నాడు.

"అధ్యక్షా, నోరు ఆపండి."

"సీతాపతీ! నేనయ్యా, అధ్యక్షుణ్ణి!"

"అందుకే ముందు 'అధ్యక్షా' అన్నాను. నోరు మాత్రం ఆకాశం కిందే ఉంది."

భీమశంకరం పైకి చూశాడు. నిజమే, ఉంది. "అయితే ఆ నిబంధన తీసేద్దాం."

"తీసెయ్యాలంటే సభ జరగాలి. సభ్యులంతా గుహ ముందు వరసలో ఉన్నారు. తిని వచ్చేదాకా సభ లేదు."

ఏనుగు ఆకలి మాటలతో ఆగేదా? నేల అదురుతుంటే గుహ దగ్గరికి వచ్చాడు. వరస దానంతటదే రెండుగా చీలింది.

"తమరా! అయ్యా, తమరికి ఇంటికే పంపిస్తాను..." అంటూ పానకాలు వెనక్కి జరిగాడు.

"ఇంటికి కప్పు లేదు కదయ్యా," అని భీమశంకరం తల దూర్చాడు. భుజాలు పట్టలేదు. లోపల చిలగడదుంపల కుప్ప కనబడుతోంది. ఊపిరి బిగబట్టి ఒక్క తోపు తోశాడు. లోపలున్నవాళ్లంతా పొయ్యి వెనకదారిన ఒకరిమీదొకరు పడి పరిగెత్తారు. పైన వేలాడే గబ్బిలాలు లేచి ఆయన ముక్కు చుట్టూ దుమ్ము రేపాయి.

ఏనుగు తుమ్మాడు.

దుమ్ము అణగడానికి చాలాసేపు పట్టింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. కానీ పానకాలు నిలబడ్డచోట నెత్తిమీద గుహ లేదు. తెల్లటి మబ్బు ఒకటి నింపాదిగా పోతోంది.

సీతాపతి వచ్చాడు. పైకి చూశాడు, పానకాలుని చూశాడు.

"కప్పేదండీ?"

"ఇప్పుడేగా పడిందీ! నువ్వూ చూశావుగా!"

"ఎప్పుడు పడిందో నాకు అనవసరం. అర్జీ పెట్టుకోండి. పచ్చాకు మీద."

ఇక అడవి మొత్తానికి కప్పున్న చోటు ఒక్కటే మిగిలింది. మంగతాయి కలుగు. దానికేమో ఇద్దరే పడతారు. అందరూ నీరసంగా ఆ గుమ్మం ముందు కూలబడ్డారు. మంగతాయి కాసేపు ఆలోచించి సీతాపతిని పిలిచింది.

"బాబూ, మీ ఆకులో ఒళ్లంతా కప్పు కింద ఉండాలని ఉందా? నోరొక్కటేనా?"

సీతాపతి ఒంటికాలి మీద నిలబడ్డాడు. చాలాసేపు. చివరికి కాలు దిగింది. "నోరు అనే ఉంది."

"ఒరే పిల్లలూ, తవ్వండిరా!"

పందికొక్కులకి తవ్వడం ఎవరైనా నేర్పాలా? పది జతల పంజాలు! మధ్యాహ్నానికి నేలనిండా ముప్ఫై కన్నాలు, ముప్ఫై కన్నాల్లో ముప్ఫై మూతులు, బయట ముప్ఫై తోకలు. కింద మంగతాయి పిల్లలు ఒక మూతి నుంచి ఇంకో మూతికి గుగ్గిళ్లు మోసుకెళ్తున్నారు. అధ్యక్షుడి కోసం ప్రత్యేకంగా ఒక సొరంగం తవ్వారు. ఆయన బోర్లా పడుకుని, గడ్డం దాకా మట్టిలో పెట్టి, "పచ్చడి ఇంకొంచెం వెయ్యమ్మా!" అంటుంటే ఆ మాట భూమిలోంచి వినబడింది. తలా ఇన్ని గింజలు పెట్టేసరికి మంగతాయి గాదె మొదటిరోజే సగం నిండింది.

చీకటిపడే ముందు పానకాలు వచ్చి దూరంగా నిలబడ్డాడు. చేతిలో అర్జీ ఉంది. ఆకు అప్పటికే వాడిపోతోంది.

"రా అన్నా, సిగ్గుపడకు," అంది మంగతాయి. "ఆ చివరి కన్నం ఖాళీగా ఉంది. నోరు లోపల పెట్టు, తోక బయట పెట్టు. తోకకి అనుమతి అక్కర్లేదు."

మరి ఆ నిబంధన తీసేశారా అంటారా? ఎందుకు తీసేస్తారు! కడుపు నిండాక సభ జరిగింది. ఆరుబయట భోజనం పూర్తిగా తగ్గిపోయిందని సంతోషించి, అందరూ భీమశంకరానికి దండ వేశారు.

నీతి రాసుకోండి: ఎదుటివాడి చాప తీయించాలనుకుంటే, ముందు మన కప్పు ఏనుగు తుమ్ముకి ఆగుతుందో లేదో చూసుకోవాలి.

అదిగో గంట. ఇక లేవండి, ఇళ్లకెళ్లి అన్నాలు తినండి. అరుగుమీద కూర్చునే తినండి, ఫరవాలేదు. మన పంచాయతీకి ఇంకా ఆ ఆలోచన రాలేదు.