పొట్టేలు పక్కన ఆపిన బండి

ఆ ఆదివారం పొద్దున మబ్బు కిందికి దిగి నల్లమల కొండల్ని సగానికి కోసినట్టు నిలబడింది. వాన పడేటట్టు లేదు, ఎండ కాసేటట్టూ లేదు. బండి తోలి చూడడానికి ఇంతకన్నా మంచి పొద్దు దొరకదనుకున్నాడు నంద్యాల బడిపంతులు యేసురత్నం.

టౌన్లో తిరగడానికని నెల నుంచి బండి వెతుకుతున్నాడు. భార్య లూదియా ఆసుపత్రిలో నర్సు. డ్యూటీకి నడిచి నడిచి ఆమె మోకాళ్లు వాచాయి. "నేను ఎక్కగలిగేది సూడు. నాకు సూపించకుండా మాత్రం కొనగాకు" అని మాట తీసుకుని, ముందురోజే ఆళ్లగడ్డ పుట్టింటికి పోయింది.

ఆ బండి మెకానిక్కు సామ్యేలు షెడ్డులో కనపడింది. గుండ్రటి దీపం, నల్లటి ట్యాంకు మీద చేత్తో గీసిన బంగారు గీతలు, తాతల కాలపు వాటం. కిక్కు కొడితే షెడ్డు రేకులు అదిరాయి. యేసురత్నం తనకు తెలియకుండానే చెప్పులు విడిచాడు.

"ఏంది సార్, గుళ్లోకి వచ్చినట్టు?" సామ్యేలు నవ్వాడు. "వాటమే పాతది, ఇంజను కొత్తగా కట్టినా. మీ జీతానికి అందుతాది. ఆళ్లగడ్డ దాకా తోలుకోని పోయి మీ ఇంటామెకు సూపించుకోని రాండి. నచ్చితేనే మాట్లాడుకుందాం."

ఆళ్లగడ్డ చర్చిలో ఆ రోజు కోతల పండుగ. మొదటి పంట దేవునిది. గుమ్మడికాయలు, జొన్నకంకులు, కోళ్లు, ఒక పొట్టేలు ఆవరణలో వరసగా పెట్టి, దేవునికి ఇచ్చినవని గుర్తుగా అన్నింటికీ బంతిపూల దండలు కట్టారు. ప్రార్థనయ్యాక వాటిని ఏలం వేస్తారు. లూదియా అక్కడే ఉంటుందని నేరుగా వచ్చిన యేసురత్నం, బండిని నీడ చూసి పొట్టేలు పక్కన ఆపి, మొహం కడుక్కోవడానికి బోరింగు దగ్గరికి పోయాడు.

అత్త ఏసమ్మ బండి చుట్టూ మూడుసార్లు తిరిగింది. ట్యాంకులో తన మొహం చూసుకుంది. "నా అల్లుడు ఏం తెచ్చినాడో సూడండే!" అంటూ సంతోషం పట్టలేక, చేతిలో మిగిలిన దండను హ్యాండిలుకు కట్టేసింది.

యేసురత్నం తిరిగి వచ్చేసరికి సంఘపెద్ద వచ్చి కావలించుకున్నాడు. "కోళ్లు ఇచ్చినోళ్లను సూసినా, గొర్రెలు ఇచ్చినోళ్లను సూసినా. దేవునికి బండి ఇచ్చినోణ్ణి ఇప్పుడే సూస్తాండా!"

"అన్నా, అది..."

"మాట్లాడగాకప్పా. ఇచ్చినోడు మాట్లాడకూడదు."

ముసలివాళ్లు ఒక్కొక్కరే వచ్చి అతని చేతులు కళ్లకద్దుకున్నారు. అన్ని తడికళ్ల ముందు బండి నాది కాదని చెప్పడానికి నోరు రాలేదు. ఇక ఒకటే దారి, ఏలంలో తనే పాడుకోవడం.

దొర్నిపాడు రైతు ఒకాయన మొదలుపెట్టాడు. యేసురత్నం పెంచాడు. రైతు ఇంకా పెంచాడు. "ఇచ్చినోడే మళ్లా పాడుతాండాడు! ఏం విశ్వాసమప్పా!" అని జనం నోళ్లు తెరిచారు. పాట తన జీతం దాటి పోయాక యేసురత్నం కళ్లు మూసుకున్నాడు. సామ్యేలు మొహం కనపడింది.

"ఒకటోసారి... రెండోసారి..."

"నా పాట!" ఆడవాళ్ల వైపు నుంచి గొంతు లేచింది. లూదియా. అప్పటిదాకా విందు వంట దగ్గర పొగలో ఉన్న మనిషి, మొగుడి పాట ఆగడం విని చేతులు తుడుచుకుంటూ వచ్చి, రైతు కంటే ఎక్కువ పాడింది. రైతు తల అడ్డంగా ఊపాడు. ఆమె బంగారు గాజులు తీసి సంఘపెద్ద ముందు బల్ల మీద పెట్టింది. ఆవరణంతా చప్పట్లు.

బండి ఎక్కి కూర్చుని చూసి, దిగి మొగుడి దగ్గరికొచ్చింది. "ఎక్కి సూసినా. నా మోకాళ్లకు సరిగ్గా అందుతాది. ఇంత మంచి బండికి నడిమిట్లో ఎందుకు ఆగినావయ్యా? ఇంతకీ దీన్ని ఎవురిచ్చినారంట?"

"నేనే."

"నీకు యాడిది?"

"సామ్యేలుది. నీకు సూపిద్దామని తెచ్చినా."

లూదియా హ్యాండిలుకున్న దండను చూసింది. తర్వాత అమ్మను చూసింది. ఏసమ్మ పొట్టేలును చూసింది.

విందులో ముగ్గురూ ఒకే వరసలో, ఇస్తరాకుల ముందు కూర్చుని, తల ఎత్తకుండా తిన్నారు. కొన్న బండిని ఇక నంద్యాల పోయి, దాని సొంతదారు దగ్గర కొనాలి.