ఊర్లో యా పక్క?

‘నేనెవరు?’ అన్న ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ కొందరు హిమాలయాల దాకా వెళ్తారట. దండగ! మదనపల్లెకు వచ్చి, టులెట్ బోర్డు తగిలించిన ఏ ఇంటి గేటైనా తట్టండి. పది నిమిషాల్లో మీరెవరో, మీ తాతెవరో, ఆయన ఏ వీధిలో పుట్టాడో అంతా తేల్చి చెప్పేస్తారు. ఇంటి తాళాలు మాత్రం ఇవ్వరు. అది వేరే సంగతి.

నాకీ భాగ్యం మొన్న ఏప్రిల్లో దక్కింది. మా ఆవిడ శైలజ నర్సు. ఆమెకు మదనపల్లెలో ఉద్యోగం వచ్చింది. నాది ఇంట్లో కూర్చుని కంప్యూటర్ ముందు చేసుకునే పని, ఎక్కడున్నా ఒకటే. బెంగళూరు ట్రాఫిక్‌కు ఒక నమస్కారం పెట్టి, ఎనిమిదేళ్ళ మా పావనిని వెంటబెట్టుకుని, చల్లగా చిన్న ఊరికి చేరిపోదామనుకున్నాం. జూన్‌లో బడి తెరిచేలోగా ఇల్లు దొరికితే చాలు.

బెంగళూరులో మేమున్నది తొమ్మిదేళ్ళు. ఎంత దయలేని ఊరండీ అది! మా ఓనరు ఆధార్ జిరాక్సు, అడ్వాన్సు తీసుకుని తాళాలు పడేసి వెళ్ళిపోయాడు. పక్క ఫ్లాటాయన తొమ్మిదేళ్ళూ నన్ను ‘ఫోర్ నాట్ త్రీ’ అనే పిలిచాడు. నాకూ ఒక ఊరుందని, ఆ ఊళ్ళో నాకో వీధి ఉందని ఆయనకెప్పుడైనా పట్టిందా? మనిషిని మనిషి పట్టించుకోవడమంటే ఏమిటో మదనపల్లెకు వచ్చాకే తెలిసింది.

మొదటి ఇల్లు కదిరప్పగారిది. గేటు దగ్గరే నవ్వుతూ ఎదురొచ్చి మజ్జిగిచ్చారు. నా పేరు దామోదర్ అని చెప్పాను. ఆయన మొహంలో ఒక చిన్న ఇబ్బంది కనబడింది. తప్పు మాదేలెండి. దామోదర్, శైలజ, పావని. ఈ మూడు పేర్లు పెట్టుకుని ఎవరైనా ఏం తేల్చుకోగలరు? పాపం, ఆయన ఇంకాస్త కష్టపడాల్సి వచ్చింది.

“యా ఊరప్పా మీది?”

“రామసముద్రం దగ్గర పల్లె సార్.”

“అట్లనా! ఆడ మాకు సుట్టాలుండారే. ఊర్లో యా పక్క?”

చూశారా! నా ఊరితో ఆగలేదు. దిక్కులు కూడా కావాలి. నేను అమాయకంగా, “తూర్పున, వంక దాటినాక, చర్చి పక్కన” అని చెప్పాను. తాత పేరు కృపాదానం అని కూడా, అడగకముందే. అంతే! ఆ క్షణాన కదిరప్పగారికి వాళ్ళ కోడలి తమ్ముడు గుర్తొచ్చాడు.

“మరిసేపోయినానప్పా. ఆ పిల్లోడు వచ్చే నెల ఈడికే వస్తాండాడు. ఇల్లు ఆయప్పకనుకుంటాండాము.”

ఆరు నెలలుగా ఖాళీగా పడున్న ఇల్లది! నా కాలు పడగానే దానికొక బంధువు పుట్టుకొచ్చాడు. ఆ నెలలో పదకొండు ఇళ్ళు చూశాను. పదకొండు ఇళ్ళకూ బంధువులొచ్చేశారు. కోడలి తమ్ముళ్ళు, పెదనాన్న కొడుకులు, దుబాయ్ నుంచి తిరిగొస్తున్న మేనల్లుళ్ళు. ఇన్ని కుటుంబాలను కలిపినందుకు మునిసిపాలిటీవాళ్ళు నాకొక శాలువా కప్పినా తప్పులేదు.

పుంగనూరు అరగంట ప్రయాణమే కదా, అక్కడ చూద్దామని వెళ్ళాను. అక్కడ బైరప్పగారని ఒకాయన ఇంకా ఆధునికులు. నోటి మాట నమ్మరు. “లొకేషన్ పెట్టప్పా, మీ సొంతూరిది” అన్నారు. పెట్టాను. ఫోన్‌లో మా పల్లెను శాటిలైట్ వ్యూలో తెరిచి, రెండు వేళ్ళతో పెద్దది చేసి, వంక దాకా వచ్చి అక్కడ ఆగారు. ఆకాశంలోకి ఉపగ్రహాలను పంపిన శాస్త్రవేత్తలు ఆ దృశ్యం చూసి ఉంటే ఎంత పొంగిపోయేవారో! అంత పైనుంచి కూడా మా వీధి స్పష్టంగా కనబడింది.

కుప్పంలో లెక్చరర్‌గా ఉన్న మా బావమరిది మోజెస్‌కు ఫోన్ చేసి గోడు చెప్పుకున్నాను. వాడు నవ్వాడు. “నీకు పది ప్రశ్నలన్నా యేస్తాండారు బావా. నాకు పేరు సెప్పంగానే అయిపాయ” అన్నాడు. వాడి టైము ఎంత ఆదా అయ్యిందో ఆలోచించండి!

బడి తెరవడానికి నాలుగు రోజులుంది. మదనపల్లెలో పన్నెండో ఇల్లు రిటైర్డ్ హెడ్మాస్టర్ నారాయణస్వామిగారిది. పై వాటా. గాలీ వెలుతురూ బాగున్నాయి. పావని అప్పుడే ఏ గది తనదో నిర్ణయించేసుకుని కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది. ఆయన మెల్లగా అడిగారు.

“ఊర్లో యా పక్కప్పా?”

పావని నా వంక చూసింది. శైలజ నేల వంక చూసింది.

“రామాలయం వీధి సార్” అన్నాను.

“మనోళ్ళే!” అంటూ నారాయణస్వామిగారు నా భుజం తట్టి తాళాలిచ్చేశారు. ఆ సాయంత్రమే ఆయన భార్య చెంగమ్మగారు సంగటి, దాంట్లోకి ఊరిబిండి పచ్చడి పైకి పంపించారు. మంచివాళ్ళండీ. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాళ్ళయితే ఆ అబద్ధం నాకింత బరువయ్యేది కాదు.

అయితే ఒక్క అబద్ధంతో ఎన్ని లాభాలో చూడండి! ఆదివారం మా బైబిలు చేతిసంచిలో పైన కొత్తిమీర కట్ట కప్పుకుని చర్చికి వెళ్తుంది. అందుకని మా ఇంట్లో కొత్తిమీరకు ఎప్పుడూ లోటు లేదు. శైలజ అన్నం ముందు కళ్ళు తెరుచుకునే ప్రార్థన చేయడం నేర్చుకుంది. పావని చర్చి పాటలన్నీ పెదాలు కదపకుండా పాడగలదు. మా తాత కృపాదానం ఫోటో బీరువాలో చీరల మధ్య హాయిగా ఉంటోంది. ఆయన మా వీధిలో మొదట పలక పట్టిన మనిషి. వంక దాటి నడుచుకుంటూ వెళ్ళి చదువుకున్నాడు. ఆ వీధి పేరు చెప్పడానికి ఆయన ఎన్నడూ సిగ్గుపడలేదు. పాతకాలం మనిషి, లోకజ్ఞానం తక్కువ.

ఇంత సుఖంగా గడిచిపోతుంటే, మొన్న శుక్రవారం మెట్ల మీద పావని మాటలు వినబడ్డాయి. ఎదురింట్లోకి కొత్తగా దిగినవాళ్ళ పాప రూపతో ఆడుకుంటోంది. ఆర్నెల్లలో మా అమ్మాయి ఈ ఊరి మాట ఎంత బాగా పట్టిందో!

“మీ ఊర్లో మీ ఇల్లు యా పక్క?” అని అడిగింది పావని.

“నాకు తెలీదు” అంది రూప.

“తెలుసుకోవాల. లేకుంటే ఇల్లియ్యరు.” పెద్ద ఆరిందాలా గొంతు తగ్గించి చెప్పింది. “తెలీకుంటే రామాలయం వీధి అని సెప్పు. ఇస్తారు.”

నేను తలుపు వెనకాల నిలబడిపోయాను. ఆస్తి ఏమీ ఇవ్వలేకపోయినా మా అమ్మాయికి నేను నేర్పిన మొదటి విద్య అది. నాకు ఏడుపొచ్చింది. వ్యంగ్యం రాసేవాడు ఏడవకూడదని తెలుసు. ఏం చేయను, వచ్చింది.

ఇది డిసెంబరు. బెంగళూరులో ఒకటో తారీకుకల్లా నాలుగో అంతస్తు బాల్కనీలో మా కాగితం నక్షత్రం వెలిగేది. ఫోర్ నాట్ త్రీ అంటే అదే గుర్తు. ఈ ఏడు అది అటక మీద అట్టపెట్టెలో ఉంది. “ఈసారి కట్టమా నాన్నా?” అని పావని రెండుసార్లు అడిగింది. మూడోసారి అడగడం మానేసింది. నిన్న సాయంత్రం నేనే అటకెక్కి దింపాను. పావని బల్బు పెట్టింది. శైలజ తాడు కట్టింది. తాత ఫోటో బీరువాలోంచి హాల్లోకొచ్చింది.

కింద నుంచి చెంగమ్మగారు తలెత్తి చూశారు. నారాయణస్వామిగారు ఊళ్ళో లేరు, ఈ ఉదయం వస్తారు. రాగానే పేపరు ముందేసుకుని మొదటి పేజీ నుంచి టెండర్ నోటీసుల దాకా వదలకుండా చదివే అలవాటాయనది. అందులో నేను రాసే ఈ కాలమ్ కూడా చదువుతారు. మొన్నొకసారి బాగుందని మెచ్చుకున్నారు కూడా.

నారాయణస్వామిగారూ! మాది తూర్పు పక్క. వంక దాటినాక, చర్చి పక్కన. మీరడిగిన రోజు నేను తప్పు చెప్పాను.

ఇక మిగతా పాఠకులకు, ముందు జాగ్రత్తగా ఒక మాట. మదనపల్లెలో రెండు గదుల ఇల్లు ఎక్కడైనా ఖాళీగా ఉంటే తెలియజేయండి. కొళాయి నీళ్ళు వారానికి రెండుసార్లొచ్చినా సర్దుకుంటాం. బాల్కనీలో నక్షత్రం కట్టుకోవడానికి ఒక మేకు ఉంటే చాలు. ఏ పక్కైనా సరే.