కంపెనీ వాగు బర్రెలకు బలం

వాగు నీళ్ళు బర్రెలకు మంచివి! కంపెనీల మురికి కలిసిన వాగు నీళ్ళయితే ఇంకా మంచివి! నవ్వకుండ్రి. ఇది నా నోటి మాట కాదు, సర్కారు లెక్క. చార్టు పేపరు మీద రంగులేసి గోడకు కొట్టిన లెక్క. గోడ మీదికెక్కినంక అది అబద్ధమెట్లయితది?

ఇన్నేండ్లు మనం ఎంత తెలివి తక్కువగ బతికినం! పటాన్‌చెరు నుంచి జిన్నారం దాకా కంపెనీలొచ్చిన కాడి నుంచి ఒక్కటే లొల్లి. వాగు ఎర్రగయింది, నురుగొస్తున్నది, చూడి బర్రెలు నెల నిండకనే ఈచుకపోతున్నయి, పాలు ఎండుతున్నయి అని. ధర్నాలు చేసినం. లారీలకు అడ్డం పండినం. పోలీసోళ్ళ జీపులెక్కినం. ఇదంత ఎందుకు? లెక్క తెలువక!

ఆ లెక్క నేర్పిన మహానుభావుడు బద్రీనాథ్ సారు. సంగారెడ్డిల ఆఫీసు, చేతిల బ్రీఫ్‌కేసు, బ్రీఫ్‌కేసు నిండ ఫారాలు. వాగుకు, బర్రెల రోగానికి సంబంధం ఉన్నదో లేదో తేల్చమని మొన్న ఎండకాలంల ఒక కమిటీ ఆయనను మా దిక్కు పంపింది. ఏ ఊర్ల రోగపు బర్రెలు ఎక్కువ తేలితే, ఆ ఊరి నీళ్ళు చెడ్డయని ఒప్పుకొని, రోజుకొక మంచినీళ్ళ ట్యాంకరు పంపుతరు. ఊర్లు రెండు, ట్యాంకరు ఒక్కటి. అందుకే ఇంత సైన్సు!

మొదటి ఊరు వాగుగడ్డ. వాగు ఒడ్డునే ఉంటది. అక్కడ బోరు కొడితే నీళ్ళు చాయ రంగుల వస్తయి. పొద్దుగాల చాయ పెట్టుకునేటప్పుడు చాయపత్తి తక్కువ పడుతది, అదొక్కటే లాభం. రెండో ఊరు మిట్టగూడెం. వాగుకు మూడు కిలోమీటర్ల దూరం, ఎత్తు మీద. తీపి నీళ్ళ బాయి ఉన్నది. వాగుగడ్డ ఆడోళ్ళు తెల్లారంగనే బిందెలు నెత్తికెత్తుకొని ఆ బాయికే నడుస్తరు. ఒక్క బిందె కోసం ఆరు కిలోమీటర్లు. ట్యాంకరు ఎవరికి కావాల్నో చిన్న పిల్లగాడైనా చెప్తడంటరా? చిన్న పిల్లగాండ్లు చెప్తరు. సైన్సు గట్ల తొందరపడదు.

సారు పద్ధతి ఎంత సులువో చూడుండ్రి. ఊర్లు రెండు రకాలు: వాగు ఒడ్డుది, వాగుకు దూరంది. బర్రెలు రెండు రకాలు: మంచిది, రోగపుది. రెండు రెండ్లు నాలుగు. నాలుగు డబ్బాలు గీసిండు. భూమి మీద ఉన్న ప్రతి బర్రె ఈ నాలుగింట్ల ఏదో ఒక డబ్బాల పడి తీరాలె.

ఇంటింటికీ తిరిగిండు. కొట్టంల బర్రె కనవడంగనే ఒక గీత. వాగుగడ్డల నలభై బర్రెలు, అందుల మంచివి ముప్పైయెనిమిది, రోగపువి రెండు. మిట్టగూడెంల అరవై బర్రెలు, అందుల మంచివి ముప్పైయారు, రోగపువి ఇరవైనాలుగు. అర్థమైందా? వాగు నీళ్ళు తాగే ఊర్ల నూటికి ఐదు బర్రెలకు రోగం. తీపి నీళ్ళు తాగే ఊర్ల నూటికి నలభై!

అంతటితో ఆగలే. ఊరికీ రోగానికీ ఏ సంబంధం లేకుంటే ఏ డబ్బాల ఎన్ని పడాల్నో కూడ సారు లెక్క కట్టిండు. మొత్తం నూరు బర్రెలల్ల ఇరవైయారు రోగపువి. సంబంధం లేకుంటే వాగుగడ్డ వాటాకు పది మీద రావాలె. వచ్చినయి రెండు! ఇంత తేడా ఊకెనే రాదు, సంబంధం గట్టిగ ఉన్నది అని కై స్క్వేర్ అనే లెక్కల దేవుని మీద ఒట్టేసి చెప్పిండు. నేను కూడ ఆ లెక్క ఒక పాత పుస్తకంల చదివి, రెండుసార్లు చేసి చూసిన. కూడికల తప్పు లేదు. సారును మెచ్చుకోకుండ ఉండలేకపోయిన!

ఇగ చార్టు. రెండు నిలువు పట్టీలు, పక్కపక్కన. ఊర్ల ఎన్ని బర్రెలుంటే పట్టీ అంత వెడల్పు. అందుల మంచివి ఎన్ని పాళ్ళో అంత ఎత్తు ఆకుపచ్చ, మిగిలింది ఎరుపు. మిట్టగూడెం పట్టీ వెడల్పుగ ఉండి, దగ్గర దగ్గర సగం ఎర్రగ మండుతున్నది. వాగుగడ్డ పట్టీ సన్నగ, పైనుంచి కింది దాకా వరి మడి లెక్క పచ్చగున్నది. చదువు రానోనికి కూడ కండ్లకు కొట్టినట్టు కనిపిస్తది. చదువు రానోళ్ళకు కనిపించేటట్టు చేసుడే సారు చేసిన పొరపాటు.

మండల ఆఫీసు వరండల చార్టు కట్టిన నాడు రెండు ఊర్లోళ్ళను పిలిచిండ్రు. వాగుగడ్డ మొగులమ్మ ముంగట్ల నిలవడ్డది. ఐదు బర్రెలుండెనామెకు, ఇప్పుడొకటి మిగిలింది. చార్టును శానసేపు చూసింది.

"సారూ, మాది గంత సన్నగున్నదేంది?"

"మీ ఊళ్ళో బర్రెలు తక్కువ కదమ్మా. నలభయ్యే."

"మూడేండ్ల కింద నూటముప్పై ఉండె. ఎందుకు తక్కువైనయో గా బొమ్మల ఎక్కడున్నది?"

సారు ఫారం తిరగేసిండు. "చచ్చిన వాటికి కాలమ్ లేదమ్మా. సర్వే రోజు కొట్టంలో ఉన్నవే రాస్తాం."

"అంటే, చచ్చిన బర్రెకు రోగం లేనట్టా?"

"దానికిప్పుడు ఏ రోగమూ లేదు కదా!"

చూసిండ్రా ఎంత ఖచ్చితమైన జవాబో! వాగు నీళ్ళు తాగి చచ్చిన బర్రె రోగపు డబ్బాల నుంచి లేచి నేరుగ స్వర్గానికి పోయింది. మిగిలినవి గట్టి పిండాలు, మంచి డబ్బాల నిలవడ్డయి. బలహీనులను ముందే ఏరేసి ఊరిని ఆరోగ్యంగ ఉంచుతున్న వాగుకు మనం దండం పెట్టాలె!

మరి మిట్టగూడెంల ఇరవైనాలుగు రోగపు బర్రెలెక్కడివి? తీపి నీళ్ళు తాగి బర్రెకు రోగమెట్లొచ్చె? దీనికి జవాబు మిట్టగూడెం పెంటయ్య దగ్గరున్నది. వరండల మొగులమ్మ కనవడంగనే మీదికొచ్చిండు.

"అక్కా, నువ్వమ్మిన బర్రె పండిన కాడి నుంచి లేస్తలేదు. నలుగురం తోక పట్టి లేపితే నిలవడుతది, ఇడిస్తే మళ్ళ పండుతది."

"మంచిగున్నదని నేను చెప్పిన్నా తమ్మీ? సగం ధరకిస్తనంటె నవ్వుకుంట తోలుకపోతివి. గప్పుడు దాని ముఖం చూడకపోతివా?"

"ముఖం మంచిగనే ఉండె."

"నా ముఖం కూడ మంచిగనే ఉన్నది. నన్ను గూడ తోలుకపో, మీ బాయి కాడ ఉంట!"

జనం నవ్విండ్రు. పెంటయ్య కూడ నవ్వి, ఆమె చెవి దగ్గరికొచ్చిండు. "గట్టిగ అనకక్కా. మా ఊరికి ట్యాంకరొస్తున్నది."

అదీ సంగతి! పాలు తగ్గంగనే వాగుగడ్డోళ్ళు అంగడికి తోలిండ్రు, అగ్గువకు దొరికిందని మిట్టగూడెపోళ్ళు కొన్నరు. అక్కడి ఎరుపుల ఇరవైనాలుగుంటే అందుల ఇరవైయొకటి వాగుగడ్డల పెరిగినవే. బర్రె ఊరు మారంగనే రోగం డబ్బా మారింది. ఎక్కడ తాగిందో ఎవరికి కావాలె? ఎక్కడ పండిందో అదే దాని ఊరు!

ఈ పద్ధతిని దేశమంత పెట్టాలని నా డిమాండు. కంపెనీ గేటు దగ్గర నిలవడి, లోపలికి పోయేటోళ్ళను దగ్గున్నదా అని అడుగుండ్రి. ఉన్నోడు డ్యూటీకే రాడు కదా! ఇంటికాడ ఉన్నోళ్ళను అడుగుండ్రి, అందరూ దగ్గుతరు. తేలిందేంది? కంపెనీ గ్యాసుల మనిషి సేఫు, ఇల్లే డేంజరు! భార్యా పిల్లలను కూడ షిఫ్టుల పెట్టుకోవాలె. దవాఖానల చూడుండ్రి, ఏ మంచం మీద చూసినా రోగే. బజారుల నడిచేటోళ్ళు నయంగున్నరు. అంటే రోగాలు పుట్టిస్తున్నదెవరు? దవాఖానలకు తాళమెయ్యాలె! బస్సుల ఎక్కినోళ్ళను బస్సు దొరికిందా అని అడుగుండ్రి, నూటికి నూరు మంది దొరికిందనే అంటరు. స్టాపుల మిగిలినోడు ఎండకు మాడనీ, వాడు మన శాంపులు కాదు.

అయినా వాగుగడ్డ ఆడోళ్ళకు సైన్సు ఎక్కలే. మా దిక్కు ఒక రివాజున్నది. బర్రెను అమ్మినా దాని పలుపుతాడు కొన్నోనికి ఇయ్యరు. చస్తే పాతిపెట్టే ముందు మెడకున్న పలుపు ఇప్పుకుంటరు. కొట్టంల కొయ్యకు తగిలిస్తరు. ఆ పలుపులన్ని గంపలల్లేసుకొని, సంగారెడ్డి బస్సెక్కి, సారు టేబులు మీద కుప్ప పోసిండ్రు. తొంభై పలుపులు. మొగులమ్మ ఒక్కొక్కటి తీసి రెండు కుప్పలు చేసింది. అమ్మినవి ఇరవైయారు. చచ్చినవి అరవైనాలుగు.

"గిప్పుడు గీ చచ్చినోటి పలుపులకు సరిపోయేటంత రంగెయ్యి సారూ. నల్లది."

సారు చెడ్డోడు కాదు. స్కేలు పెట్టి కొలిచిండు. పలుపులన్ని కలిపితే వాగుగడ్డ పట్టీ మిట్టగూడెం దానికి రెండింతలు దాటుతున్నది. అందుల సగం నలుపు. పచ్చ మూడో వంతు కూడ లేదు. కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు, మళ్ళ పెట్టుకున్నడు.

"ఇవి తాళ్ళమ్మా. ఫారంలో బర్రెలనే రాయాలి."

గని మాట పైకి చేరింది. కమిటీ కూసున్నది, చాయ తాగింది, తీర్మానం చేసింది. బర్రెలు ఊర్లు మారుతున్నయి కాబట్టి బర్రెల లెక్క చెల్లదు. మిట్టగూడెం ట్యాంకరు రద్దు. వాగుగడ్డకు ఇంకా సాంక్షను కాలే. ఈసారి నేరుగ మనుషులనే లెక్క పెడుతరు. దీపావళి పోయినంక సర్వే. ట్యాంకరు దాని తర్వాత.

కొత్త ఫారం నేను చూసిన. సారే చూపించిండు. ఊర్లు రెండు రకాలు, మనుషులు రెండు రకాలు: ఆరోగ్యవంతులు, రోగులు.

మొగులమ్మ నా పక్కనే ఉండె. "సారూ, మా ఇంటాయనను ఏ డబ్బాల రాస్తవ్?" అన్నది.

"ఊళ్ళో ఉన్నాడా అమ్మా?"

"పోయిన శివరాత్రి ముంగట దాకా ఉండె. కడుపుల నొప్పని పండిండు, మళ్ళ లేవలే."

సారు పెన్ను క్యాపు పెట్టిండు. "సర్వే రోజు ఉన్నవాళ్ళనే రాస్తామమ్మా."

కాబట్టి వాగుగడ్డ జనానికి నా విన్నపం ఒక్కటే. దీపావళి దాకా అదే బోరు నీళ్ళు తాగుండ్రి. మంచం పట్టుండ్రి, దగ్గుండ్రి, గోక్కోండ్రి, సర్వే సారు వచ్చిన నాడు గట్టిగ మూలుగుండ్రి. మంచంల పడ్డోడు పడ్డట్టు ట్యాంకరు ఒక్కో అడుగు దగ్గరికొస్తది. గని ఎట్లనన్న ఊపిరి పట్టుకొని ఉండుండ్రి, జల్దీ పడి చావకుండ్రి. మీరు చస్తిరా, ఊరి ఆరోగ్యం పెరుగుతది, ట్యాంకరు తొవ్వల్నే వెనక్కి మళ్ళుతది!