పెద్దక్షరాల వంతు

ఒక పెద్ద అడవిలో ఎండాకాలం వచ్చిందంటే ఒక్క మడుగే మిగిలేది. అందుకని నీళ్ళు తాగడానికి వంతులు పెట్టుకున్నారు. చిన్న నోళ్ళు ముందు, పెద్ద కాళ్ళు వెనక. పెద్దవాళ్ళు ముందు దిగితే నీళ్ళన్నీ బురదే కదా! కాబట్టి జాబితాలో మొదటి పేరు పూరేడు పిట్ట బుల్లెమ్మది. అట్టడుగు పేరు అడవి సంఘం అధ్యక్షుడు, ఏనుగు కుంభయ్యది.

జాబితా కంప్యూటర్లో ఉండేది. కంప్యూటరు కొండముచ్చు గంతయ్య చేతిలో ఉండేది. తెర చూసి పేర్లు పిలవడం మడుగు కావలి, అడవిపంది కోరయ్య పని. దొంగ వంతులు ఎక్కువయ్యాయని, "తెర మీద పేరు కనబడనివాడికి చుక్క నీరు ఇవ్వరాదు" అని కుంభయ్యే ఉత్తర్వు వేయించాడు.

అంతా సవ్యంగానే ఉంది. చిక్కల్లా ఒక్కటే. అధ్యక్షుడి రాతిగద్దె తెరకి నలభై అడుగుల దూరంలో ఉంది. ఏనుగు కళ్ళు ఏపాటివో మీకు తెలియంది కాదు.

"ఒరే గంతయ్యా, అందులో నా పేరుందా?" అని అడిగాడు ఒకనాడు.

"ఉందండయ్యా, అట్టడుగున."

"మరి నాకు ఆనదేం? చీమలు పాకినట్టుంది. అక్షరాలు పెద్దవి చెయ్యి."

గంతయ్య బుర్ర గోక్కున్నాడు. "చెయ్యొచ్చండి. తెర మీది చుక్కలు తగ్గించే సాఫ్ట్‌వేరు ఒకటుంది. చుక్కలు తగ్గితే అక్షరం లావెక్కుతుంది. అయితే, కింద ఉన్న..."

"అయితే గియితే అనకు! ఏ పని చెప్పినా ఈ 'అయితే' ఒకటి నేర్చారు మీరు."

తెరైనా పలకైనా ఒకటే. పలక మీద గుమ్మడికాయంత 'అ' రాస్తే 'ఆ'కి చోటుండదు. ఈ సంగతి ఒకటో తరగతి పిల్లలకి తెలుసు. పదవిలోకి వచ్చాక ఎందుకో మరిచిపోతారు.

గంతయ్య నొక్కాడు. అక్షరాలు రేగిపండంత అయ్యాయి. ఆ జాబితా కిందికి జరిగే రకం కాదు, తెరలో పట్టినంతే. అడుగునున్న ఏనుగు, దున్న, ఎలుగు పేర్లు తెర అంచు దాటి జారిపోయాయి.

కుంభయ్య కళ్ళు చికిలించాడు. "కాస్త నయమే. కానీ నా పేరు ఇంకా ఆనట్లేదు. పెంచు."

మామిడికాయంత అయ్యాయి. దుప్పి పోయింది, కోరయ్య పేరూ పోయింది.

"పేర్లు రాలిపోతున్నాయండీ!" అంది పొదలోంచి బుల్లెమ్మ.

"పిట్టకేం తెలుసు కంప్యూటరు సంగతి! ఇంకా పెంచరా."

గుమ్మడికాయంత అయ్యాయి. తెర నిండా ఒక్కటే పేరు, పూరేడు బుల్లెమ్మ.

అడవిదున్న పరుగున వచ్చాడు. "అన్నా, నా పేరేదీ?"

"అక్షరాలింకా చిన్నగా ఉన్నాయి తమ్ముడూ. ఓపిక పట్టు," అన్నాడు కుంభయ్య.

రెండు రోజులు గడిచాయి. కోరయ్య పిలుస్తాడు, "బుల్లెమ్మా, రా తల్లీ." ఆవిడ నాలుగు చుక్కలు తాగుతుంది. తరవాతెవరని చూస్తే మళ్ళీ బుల్లెమ్మే.

మూడోనాడు కుంభయ్య తొండం అట్టలా ఎండిపోయింది. గద్దె దిగి మడుగుకి నడిచాడు. కోరయ్య అడ్డం నిలబడ్డాడు.

"అయ్యా, తమరి పేరు?"

"నా పేరు నీకు తెలీదురా?"

"నాకు తెలుసండి. తెరకే తెలీదు. ఉత్తర్వు తమరిదే. నా పేరూ లేదండి, నేనూ ఎండిన నాలికతోనే కావలి కాస్తున్నా."

"గంతయ్యా! పాత అక్షరాలు పెట్టెయ్యరా!"

"పెట్టే బొత్తం కూడా అడుగునే ఉండేదండయ్యా. పేర్లతో పాటు అదీ తెర దాటిపోయింది. 'అయితే' అని ఆ రోజు నేను చెప్పబోయింది అదే."

మడుగు ఎదురుగా నిగనిగలాడుతోంది. అడుగు వేస్తే ఉత్తర్వు తప్పినట్టు, వెయ్యకపోతే ప్రాణం పోయేట్టు ఉంది.

అప్పుడు బుల్లెమ్మ పొదలోంచి బయటికొచ్చింది. "కోరయ్య బాబాయ్, ఇప్పుడు మడుగంతా నా వంతేగా?"

"ఉత్తర్వు ప్రకారం అంతేనమ్మా."

"నా వంతులో నా చుట్టాలు తాగొచ్చా?"

కోరయ్య ఉత్తర్వుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "కావలి ఇవ్వకూడదంతే. వంతున్నవాళ్ళు పంచుకోవద్దని ఎక్కడా లేదు."

"అయితే రావే ఉడతక్కా! కుందేలు పిన్నీ, నువ్వు. తరవాత దుప్పి వదిన. బాబాయ్, నువ్వూ ఓ గుక్క తాగు..." తెర వంక చూడకుండానే పిలుచుకుంటూ పోయింది. ఎవరి తరవాత ఎవరో ఆ అడవిలో పుట్టిన ప్రతివాళ్ళకీ నోటికొచ్చు. అందరూ అయ్యాక, "ఏనుగు పెదనాన్నా, ఇక మీరు," అంది.

కుంభయ్య కడుపునిండా తాగి, తిరిగి వెళుతూ తెర పక్కన ఆగాడు. అక్కడ కంప్యూటరు పెట్టె అంచున ఎప్పుడో అంటించిన చీటీ మీద గంతయ్య రాసిన చీమతలంత అక్షరాలు కనిపించాయి.

"ఓహో! దగ్గరికొస్తే చిన్నవీ ఆనుతున్నాయే!"

"అవునండి. గద్దెని ఓ ముప్ఫై అడుగులు ఇటు జరిపించమంటారా?"

దంతాలు ఊడబెరికి ఇమ్మన్నట్టు చూశాడు కుంభయ్య. "గద్దె జరపడమా! మా తాతలనాటి గద్దెరా అది!"

మర్నాడు కొత్త ఉత్తర్వు వచ్చింది. "తెర పెంపు పథకం దిగ్విజయంగా ముగిసింది. అడవిలోని సకల జంతువులూ ఇకమీదట బుల్లెమ్మకి దగ్గరి చుట్టాలు."

నీతి: అక్షరం ఆనకపోతే తెర మార్చు, తప్పకపోతే చుట్టరికాలు మార్చు, కుర్చీ మాత్రం జరపకు.