వెడల్పు చేసిన జీపు

ఆ ఆదివారం పొద్దున్నే అక్కను జీపులో కొండమీదికి తీసుకెళ్ళాలని తమ్ముడు అనుకున్నాడు. భార్య పోయాక ఆ బండి పక్కసీటులో దుమ్ము తప్ప ఎవరూ కుదురుగా కూర్చోలేదు. అక్క ఒక్కసారి ఎక్కింది గానీ, మలుపులో బండి ఒరిగిందని దారిలోనే దిగి బస్సెక్కి వెళ్ళిపోయింది. అప్పటినుంచీ ఎప్పుడు పిలిచినా ఆవిడది ఒకటే మాట. "అది నిలబడే బండి కాదురా. నేను రాను."

నిలబెట్టి చూపిద్దామని తమ్ముడు మెకానిక్‌ను షెడ్డుకే పిలిపించాడు. చక్రం వెనక ఇనుప దిమ్మ బిగిస్తే చక్రం బయటికి జరుగుతుంది. అప్పుడు బండి కాళ్ళు ఎడంగా పెట్టుకున్న మనిషిలా గట్టిగా నిలబడుతుంది. తమ్ముడికి అసలే చాదస్తం. దిమ్మలు ఆ బండికి సరిపోయేవో కావో, నట్లు ఎంత బిగువుండాలో, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు ఎక్కడైనా రాసుకుంటుందేమో, అన్నీ దగ్గరుండి చూసుకున్నాడు. "కొంచెం దూరం నడిపాక నట్లు మళ్ళీ బిగించాలి బాబాయ్ గారూ, మరిచిపోకండి," అని చెప్పి మెకానిక్ వెళ్ళిపోయాడు. భార్య ఉంటే ఇంకో ప్రశ్న అడిగేది. ఇప్పుడు అడిగేవాళ్ళు లేరు.

ఆదివారం తమ్ముడు తల దువ్వుకుని, పక్కసీటు తుడిచి, బండిని ముందుకు పోనిచ్చాడు. ముందు చక్రాలు రెండూ షెడ్డు గుమ్మంలో బిరడాలా ఇరుక్కున్నాయి. ముందుకు రావు, వెనక్కి పోవు.

మెకానిక్ వచ్చి తల గోక్కున్నాడు. "దిమ్మలు తీసేద్దామంటే పానా పట్టే సందు లేదు. గుమ్మం ఎంతుందో చూసుకోలేదా?"

"నువ్వూ ఇక్కడే ఉన్నావుగా?"

"నన్ను చక్రాలు చూడమన్నారు. చూశాను."

తాపీమేస్త్రిని పిలిచారు. గుమ్మం పక్క స్తంభం ఒకటి తీస్తే చాలన్నాడు, తీశాడు. దానిమీద ఇన్నాళ్ళూ కునుకు తీస్తున్న దూలం మెల్లగా దిగి జీపు టాపు ఇనుప చట్రం మీద కూర్చుంది. మేస్త్రి గబగబా దూలానికీ చట్రానికీ మధ్య సందులో చెక్కలు కొట్టి చేతులు దులుపుకున్నాడు. "ఇక బండి కదిపారో, కప్పు మీ నెత్తిన ఉంటుంది."

"మరెప్పుడు కదపాలి?"

"కొత్త స్తంభం కట్టాక. చేతిలో వేరే పనుంది, అదయ్యాక వస్తా."

ఈలోగా లేచిన దుమ్ము చూసి ఎదురింటావిడ అక్కకు ఫోన్ చేసింది. తమ్ముడు ఇల్లు పడగొట్టిస్తున్నాడని, ఊరొదిలి పోయేలా ఉన్నాడని చెప్పింది. అక్క కాలికో రకం చెప్పు తొడుక్కుని పరుగున వచ్చింది.

"ఒరేయ్, నాకో మాటైనా చెప్పకుండా ఎక్కడికి పోతున్నావురా?"

"గుమ్మం కూడా దాటలేకపోయానక్కా," అన్నాడు తమ్ముడు. "నువ్వెక్కుతావని చేయించాను."

అక్క జీపును చేత్తో తోసి చూసింది, తర్వాత భుజంతో తోసింది. బండి ఉలకలేదు. స్తంభం పోయిన సందులోంచి లోపలికి దూరి, పక్కసీటులో కూర్చుని, చెప్పులు రెండూ వదిలేసింది. తమ్ముడు స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. ఇద్దరూ చీకటి పడేదాకా ఎదురుగా వీధిని చూస్తూ కబుర్లు చెప్పుకున్నారు.

"మేస్త్రి ఎప్పుడొస్తాడు?"

"చెప్పలేదు."

"తొందరపెట్టకు. ఒరగడం లేదుగా. ఇంట్లో నేనైనా గోడతోనేగా మాట్లాడాలి. రేపు కూడా వస్తా."

మర్నాడు మేస్త్రి వేరే పని తప్పిపోయిందని సిమెంటుతో సహా వచ్చాడు గానీ, స్తంభానికి అంత తొందరేమీ లేదని తమ్ముడు అతన్ని వెనక్కి పంపేశాడు.