చారల క్రీమూ, బాద్షా పొట్టేలూ

ఆ పొద్దున శైలజ వేసుకున్న పథకం చాలా చిన్నది. మామ ఐలేశం గొర్రెలను మేపుకు తోలుకుపోతాడు. భర్త మల్లేశ్ చౌటుప్పల్‌లో తాను పనిచేసే మందుల కంపెనీ బస్సెక్కుతాడు. అత్త సైదమ్మ మనవణ్ణి చంకనేసుకొని పాలకేంద్రానికి పోతుంది. ఇల్లు ఖాళీ అయ్యాక తలుపు గడియ పెట్టి, బియ్యం డ్రమ్ములో దాచిన డబ్బా తీసి, కడుపు మీద క్రీము రాసుకోవాలి. అంతే. మనిషికి ఇంతకన్నా చిన్న కోరిక ఉండదు. కానీ మన ఇళ్లలో ఆడమనిషి పట్టపగలు తలుపు గడియ పెట్టుకుంటే, ఆ గడియ చప్పుడు ఊరి చివరి దాకా వినిపిస్తుంది.

ఆ క్రీము కాన్పు చారలకు. కిందటేడు ఆడబిడ్డ పుష్ప గృహప్రవేశంలో శైలజ వంగి విస్తర్లు వేస్తుంటే కొంగు కాస్త పక్కకు జరిగింది. పుష్ప అందరిలో "అయ్యో వదినె, కడుపు మీద చీమలు బార్లు గట్టినట్టున్నయ్ గదనే!" అని నవ్వింది. ఆమె నవ్వితే నవ్వింది, చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. ఆనాటి నుంచి శైలజ మండే ఎండల్లో కూడా కొంగు నడుం చుట్టూ బిగించి పిన్ను పెట్టుకుంటోంది. ఇప్పుడు ఆలేరులో చెల్లెలు వర్షిత పెళ్లి కుదిరింది. పుష్ప తప్పకుండా వస్తుంది. ఆ ఒక్క రోజు పిన్ను లేకుండా, హాయిగా, పెళ్లికాక ముందు తిరిగినట్టు తిరగాలని శైలజ పంతం పట్టింది.

మెడికల్ షాపు జానీ నిజాయితీపరుడు. "అక్కా, పూరాగ పోతయని నేను చెప్ప. రంగు జర తగ్గుతది. మూడు నెల్లు పొద్దుమాపు ఇడువకుండ రాయాలె," అన్నాడు. డబ్బా మీద మాత్రం "చారలు ఇక కనిపించవు" అని బంగారు అక్షరాలున్నాయి. శైలజ జానీని వదిలేసి డబ్బాను నమ్మింది.

ఆ పొద్దున ఆమె మూత తీసిందో లేదో తలుపు దబదబా మోగింది. పాల క్యాను మూత మరిచిపోయి సైదమ్మ తిరిగొచ్చింది. శైలజ తలుపు తీసేసరికి డబ్బా ఇంకా చేతిలోనే ఉంది.

"గిదేందే?"

"ఏం లేదత్తమ్మా, మచ్చలు పోయే మందు."

"ఏం మచ్చలు?"

"దెబ్బ తాకిన మచ్చలు. మోకాలు మీద ఉంది గద నాకు."

"ఏదీ, నా మోచేతికి జర రాయి, చూద్దాం."

"వద్దత్తమ్మా! ఒకరిది ఇంకొకరు రాసుకోవద్దట," అని శైలజ డబ్బాను వెనక్కి దాచుకుంది. కడుపు చారలకని ఒక్క మాట చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. చెప్పలేదు. ఎలా చెబుతుంది? ఈ అత్తమ్మకు చెప్పడమంటే పుష్పకు చెప్పడమే. తల్లీకూతుళ్లు రోజూ మధ్యాహ్నం ఫోనులో ఊరి సంగతులన్నీ కలబోసుకుంటారు.

సైదమ్మ ఆ రోజు పుష్పకు కాదు, ఐలేశానికి చెప్పింది. ఐలేశానికి అప్పుడు కంటి మీద కునుకు లేదు. ప్రతి ఏడూ బక్రీదుకు చౌటుప్పల్ గాజుల దుకాణం అబ్దుల్ ఖాదర్ వచ్చి ఆయన మందలో నుంచే పొట్టేలును తీసుకుపోతాడు. ఈసారి ఇస్తానని మాటిచ్చిన పొట్టేలు పేరు బాద్షా. చేత్తో శనగపొట్టు తినిపించి పెంచాడు. ఊరి పక్క ప్లాట్ల వెంచరోళ్లు చుట్టిన ముళ్లతీగలో దూరి అది డొక్క చీరుకుంది. గాయం మానింది గానీ, జానెడు మచ్చ మిగిలింది.

"మచ్చున్న జీవాన్ని ఖాదర్ భాయ్ ముట్టడు. ఇచ్చిన మాట పోతది. కోడలి కాడున్న మచ్చల మందు దీనికి పనిజేస్తదా?" అని ఐలేశం కొడుకు దగ్గర మొత్తుకున్నాడు. ఖాదర్‌ను ఒక్క మాట అడిగితే సరిపోయేది. ఎవరూ అడగలేదు. అడగకుండా తెలుసుకోవడం ఆ ఇంటి వంశపారంపర్య విద్య.

మల్లేశ్ తండ్రి భుజం తట్టాడు. "బాపు, ఫికర్ చేయకు. తోలు తోలే. మనిషిదైతేంది, గొర్రెదైతేంది? మందుల కంపెనీల చేస్తున్న, నాకెర్క లేదా?" కంపెనీలో అతను చేసేది అట్టపెట్టెలకు టేపు అంటించే పని. అయినా ఊళ్లో ఎవరికి జ్వరమొచ్చినా మొదట అతనికే నాలుక చూపిస్తారు.

అలా పొద్దున పూట శైలజా, సాయంత్రం పూట బాద్షా ఒకే డబ్బా వాడటం మొదలైంది. ఈ సంగతి ఇంట్లో శైలజకు తప్ప అందరికీ తెలుసు, బాద్షాతో సహా.

క్రీము తరిగిపోవడం శైలజ గమనించింది. అత్తమ్మ మోచేతుల వైపు అనుమానంగా చూడసాగింది. సైదమ్మేమో, కోడలు తన మోచేతులెందుకు చూస్తోందో అర్థంకాక పైట కప్పుకు తిరిగింది. డబ్బాను డ్రమ్ము నుంచి కందిపప్పు బిందెలోకి, అక్కడి నుంచి పాత సూట్‌కేసులోకి మార్చినా లాభం లేకపోయింది. ఇల్లంతా వెతికి తీయడంలో మల్లేశ్ చూపిన తెలివి కంపెనీలో చూపించి ఉంటే ఈపాటికి సూపర్‌వైజర్ అయ్యేవాడు.

డబ్బా అడుగు కనిపించేసరికి మల్లేశ్‌కు భయం పట్టుకుంది. బాగా ఆలోచించి, ఫ్రిజ్‌లోని వెన్నముద్ద తీసి అందులో కలిపేశాడు. రంగు అదే, నునుపు అదే. తన తెలివికి తనే మురిసిపోయాడు.

మర్నాడు శైలజ మూత తీసి కళ్లు నులుముకుంది. క్రీము తగ్గితే దొంగను పట్టుకోవచ్చు. పెరిగితే ఎవరిని పట్టుకోవాలి? ఎండలకు పొంగిందేమోనని సర్దిచెప్పుకొని, ఉన్న కసి కొద్దీ దట్టంగా రాసుకొని పడుకుంది. కాసేపటికి చురుక్కుమంది. చూసుకుంటే కడుపు మీద చీమలు నిజంగానే బార్లు కట్టి ఉన్నాయి. పుష్ప నోటి మాట అక్షరాలా ఫలించింది. శైలజ చీమలను దులుపుకుంటూ, ఏడుపూ కోపమూ కలిసి వస్తుంటే జానీకి ఫోన్ చేసింది.

"నీ క్రీముకు చీమలు పట్టినయ్ జానీ!"

"చీమలా? గది సైడెఫెక్టులల్ల రాయలేదక్కా."

ఇంతలో బాద్షా కథ వేరే దారి పట్టింది. గొర్రెలకు వాసనే గుర్తింపు కార్డు. వాసన పట్టే తల్లి పిల్లను, పిల్ల తల్లిని పోల్చుకుంటుంది. ఈ మాట ఐలేశం చిన్నప్పటి నుంచీ అందరికీ చెబుతున్నదే. కానీ చెప్పడం వేరు, అవసరానికి గుర్తురావడం వేరు. రోజూ క్రీము పూయించుకున్న బాద్షాకు మందలో ఎవరి వాసనా తన వాసనలా లేదు. ఇంట్లో మాత్రం ఒక మనిషి అచ్చం తనలాగే ఘుమఘుమలాడుతోంది. అది ఆమె వెంటపడింది.

శైలజ నీళ్లకు పోతే నీళ్లకు, కిరాణాకు పోతే కిరాణాకు. మహిళా సంఘం మీటింగులో ఆడవాళ్లందరి మధ్య వచ్చి ఆమె ఒళ్లో తల పెట్టుకొని పడుకుంది. కొట్టినా పోదు, తిట్టినా పోదు. "నా పానం మీదికొచ్చిందేందే ఇది! ఎవలన్న పట్టుకపోండ్రి!" అని శైలజ అరుస్తుంటే సైదమ్మకు ఒళ్లు జలదరించింది.

"మొక్కు బాకీ ఉందే పిల్లా! పొట్టేలు ఊకెనే వెంటపడదు. ఎల్లమ్మ తల్లి అడుగుతాంది. ఏం మొక్కినవ్, చెప్పు!"

"నేనేం మొక్కలే అత్తమ్మా."

"అయితే మీ అమ్మ మొక్కింది."

ఆలేరుకు ఫోన్ కలిపారు. శైలజ తల్లి మల్లీశ్వరి నెత్తి కొట్టుకున్న చప్పుడు ఇవతలికి వినిపించింది. "అవ్, మొక్కిన! దీని కాన్పు కష్టమైతాంటే దవాఖాన మెట్ల మీద కూసొని ఎల్లమ్మకు పొట్టేలు ఇస్తనని మొక్కిన. పనులల్ల పడి మర్సిపోయిన వదినె!"

సైదమ్మ విజయగర్వంతో మొగుడి వైపు చూసింది. ఐలేశం కూలబడ్డాడు. పొట్టేలు ఒకటి, ఇచ్చిన మాటలు రెండు. శైలజకు మాత్రం తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

ఆదివారం అబ్దుల్ ఖాదర్ వచ్చాడు. కాన్పుకు పుట్టింటికొచ్చిన కూతురు అతియా కూడా పసిబిడ్డను ఎత్తుకొని గొర్రెపిల్లలను చూద్దామని వెంట వచ్చింది. ఖాదర్ బాద్షా పళ్లు చూశాడు, నడిపించి చూశాడు. డొక్క మీద చెయ్యి వేసి తీసి, వేళ్లు రుద్దుకున్నాడు.

"ఐలేశం, గీ జిడ్డేంది? ఏం రోగం దాస్తున్నవ్?"

"రోగమా? నేనా? మచ్చ, ఖాదర్ భాయ్! ఒట్టి మచ్చ! మచ్చుంటే నువ్వు ముట్టవని..."

"ఎవడు చెప్పిండు నీకు? కుంటిది గావొద్దు, గుడ్డిది గావొద్దు, బీమారుండొద్దు. మానిన మచ్చకు ఎవడు ఫికర్ చేస్తడు? ఇరవై ఏండ్ల సంది ఇస్తున్నవ్, అడగరాదా?"

ఐలేశం కొడుకు వైపు చూశాడు. కొడుకు ఆకాశం వైపు చూశాడు. అప్పుడు అతియా ముక్కు ఎగబీల్చి, ముఖం విప్పారగా, "అబ్బా, గీ వాసన నాకెర్కే! చారల క్రీమ్ గద! నేను గుడ గిదే రాస్తున్న!" అంది.

"ఏం చారలమ్మా?" అని సైదమ్మ అడిగింది.

"కాన్పైనంక కడుపు మీద వస్తయి గద పెద్దమ్మా, గవి."

సరిగ్గా ఆ క్షణాన బాద్షా తాడు లాక్కొని పోయి శైలజ నడుముకు తల ఆనించి నిలబడింది. అందరి కళ్లూ అటే తిరిగాయి. ఖాదర్ మర్యాదగా కందిరీగల తుట్టె ఏదో చూస్తున్నట్టు చూరు వైపు చూశాడు.

పెరిగిన క్రీమూ, ఫ్రిజ్‌లో మాయమైన వెన్నముద్దా గుర్తొచ్చి శైలజకు ఇక సిగ్గు మిగల్లేదు. "అవ్! నా కడుపుకే! మీ పుష్ప అంత మందిల నవ్వితే మనసుకు తాకి తెచ్చుకున్న! దాస్తే దొంగిలిచ్చిన్రు! క్రీమేమో గొర్రెకు, వెన్నేమో నాకు! చీమలు పీక్కతింటుంటే పిచ్చిదాన్ని జేసిన్రు! గీ ఇంట్ల నాదని ఒక్క డబ్బా, ఒక్కటంటే ఒక్క డబ్బా ఉండొద్దా?"

మల్లేశ్ నిలబడ్డ చోటే చిన్నగా అయిపోయాడు. సైదమ్మ కోడలి దగ్గరకు వెళ్లి, చెవిలో చెప్పాననుకొని అందరికీ వినపడేలా, "అది పాత చారలకు గుడ పనిజేస్తదానే? నాకు నలుగురప్పటివి ఉన్నయ్," అంది. శైలజకు కోపంలోనే నవ్వొచ్చింది, అందుకు మళ్లీ కోపమొచ్చింది.

మొక్కు సంగతి విని ఖాదర్ చేతులెత్తేశాడు. "అమ్మవారికి చెప్పుకున్నది నాకిస్తవా? తప్పు ఐలేశం. గా నల్లదాన్ని ఇయ్యి," అని ఇంకో పొట్టేలును తోలుకుపోయాడు. దాని తొడ మీద అరచేతంత మచ్చ ఉంది.

మల్లేశ్ ఆ సాయంత్రమే జానీ దగ్గర కొత్త డబ్బా కొని తెచ్చి భార్య ముందు పెట్టాడు. శైలజ దాన్ని విసురుగా లాక్కుంది. జానీ చెప్పింది మూడు నెలలు, పెళ్లికి ఇప్పుడు మిగిలింది వారమే. ఆ కోపంలో పెళ్లినాడు పొద్దున సగం డబ్బా ఒకేసారి పట్టించేసింది. పచ్చ పట్టుచీర కట్టుకుంది. పిన్ను తీసి కిటికీ లోంచి బయటికి విసిరేసింది.

మొక్కు తీర్చడానికి బాద్షాను కూడా ట్రాలీ ఆటోలో ఆలేరు తెచ్చి, ఫంక్షన్ హాల్ వెనక వంటశాల దగ్గర కట్టేశారు. శైలజ చెల్లెలి పక్కన వేదిక ఎక్కింది. ముందు వరసలోనే పుష్ప కూర్చొని ఉంది. శైలజ చెయ్యి అలవాటుగా కొంగు మీదికి పోయింది, బలవంతంగా వెనక్కి తీసుకుంది. పుష్ప కళ్లు మెల్లగా ఆమె నడుం వైపు దిగడం మొదలుపెట్టాయి.

అంతలో ఫ్యాను గాలి క్రీము వాసనను హాలు వెనక్కి మోసుకుపోయింది. వంటశాల వైపు గిన్నెలు దొర్లిన చప్పుడు, వంటవాళ్ల కేకలు. మెడలో తెగిన తాడుతో, కొమ్ముకు ఒక అరిటాకుతో బాద్షా హాలు మధ్య నుంచి పరిగెత్తుకొచ్చి, వేదికెక్కి, శైలజ నడుముకు అడ్డంగా నిలబడింది. మల్లేశ్ లాగాడు, కదల్లేదు. ఐలేశం బతిమాలాడు, కదల్లేదు. లగ్గం టైం దాటిపోతోందని పంతులు గొడవ చేశాడు. "ఉండనియ్యుండ్రి, అది గుడ ఆడపిల్ల తరఫోళ్లే!" అని ఎవరో అరిచారు. హాలంతా నవ్వింది. ఈసారి ఎవరూ శైలజను చూసి నవ్వలేదు. పుష్ప కూడా నోరు తెరుచుకొని పొట్టేలునే చూస్తూ ఉండిపోయింది.

పెళ్లి ఫొటోల్లో పడ్డదాన్ని కోయడం తనతో కాదని మల్లీశ్వరి ఎల్లమ్మకు చెప్పుకుంది. కోడిని ఇచ్చి, పొట్టేలు సంగతి వచ్చే ఏడు చూద్దామని బతిమాలుకుంది. బాద్షా అదే ట్రాలీలో, శైలజ భుజం మీద తలపెట్టుకొని తిరిగొచ్చింది.

ఆల్బం వచ్చాక పుష్ప పనిగట్టుకొని పుట్టింటికి వచ్చి మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు తిరగేసింది. తలంబ్రాల్లో, అప్పగింతల్లో, భోజనాల్లో, శైలజ ఉన్న ప్రతి ఫొటోలోనూ ఆమె నడుం దగ్గర ఒక కొమ్మో, ఒక చెవో, నిండుగా ఒక ముఖమో ఉంది.

"ఒక్కదాంట్ల గుడ చారలు కనవడ్తలేవ్ వదినె. ఏం క్రీమే అది? నాకు గుడ చెప్పు," అంది చివరికి, గొంతు తగ్గించి.

శైలజ లోపలికి వెళ్లి ఖాళీ డబ్బా తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. దాని మీద బంగారు అక్షరాలతో రాసిందాంట్లో అబద్ధం ఏమీ లేదు, పొట్టేలును విడిగా తెచ్చుకోవాలని మాత్రం రాయలేదు.