అర్జీ ఇంగ్లీషులనే ఉండాలె!

అయ్యలారా, అమ్మలారా, ఇయ్యాల ఒక్క మాట కుండబద్దలు కొట్టినట్టు చెప్తున్న. మనకు అర్థం కాని భాషల సర్కార్ నడువుడే మన అదృష్టం! అర్థమైన దినం ఆగమైపోతం. సొతంత్రం వచ్చి ఇన్నేండ్లయినా మనం బీపీ గోలీలు లేకుంట నిమ్మలంగ పంటున్నమంటె, ఆఫీసులల్ల మన గురించి ఏం రాస్తున్నరో మనకు తెల్వకపోవుడే కారణం.

నవ్వకుండ్రి! ఉత్తగ మాట్లాడేటోన్ని కాను. నా పేరు వైకుంఠం. హుస్సేనీ ఆలంల ఇల్లు, బహదూర్‌పురా దిక్కు ఒక సర్కార్ ఆఫీసు గేటు పక్కన దుకాణం. దుకాణమంటె ఒక టేబులు, రెండు స్టూళ్లు, ఎండకు పెద్ద గొడుగు. మొదలు టైపు మిషిని ఉండె, ఇప్పుడు లాప్‌టాప్, ప్రింటరు. ముప్పై ఏండ్ల సంది జనాలకు ఇంగ్లీషుల అర్జీలు రాసిస్తున్న. భాష మీద మాట్లాడే హక్కు స్టేజీల మీద శాలువాలు కప్పించుకునేటోళ్లకే ఉన్నదా? గేటు బయట కూసున్నోనికి లేదా?

మా ఖాన్‌దాన్‌దే ఈ పని. నిజాం జమానాల మా తాత ఉర్దూల అర్జీలు రాసెటోడు. పెట్టుకునేటోడు తెలుగోడు, అందుల ఏమున్నదో వానికి తెల్వది, తీసుకపోయి వంగి సలాం కొట్టి ఇచ్చెటోడు. ఇంగ్లీషోడు పోయిండు, పోతపోత తన భాషను కుర్చీల కూసోబెట్టి పోయిండు. ఎన్కనే నిజాం రాజ్యం గూడ పోయింది. తర్వాత కోస్తా దిక్కుకెల్లి సార్లు వచ్చి తెలుగు తెచ్చిండ్రు. ఎంత సంబురపడ్డమో! తీరా చూస్తె అది 'తత్సంబంధిత ఉత్తర్వుల ననుసరించి' అనే తెలుగు. ఒకసారి మా అమ్మకు సదివి వినిపిస్తె, ఏదో పూజ మొదలైందనుకొని చేతులు జోడించింది.

ఇప్పుడు మన రాష్ట్రం మనకొచ్చింది. మన యాసల రెండు ముక్కలు మాట్లాడితె మీటింగుల్ల ఈలలు, చప్పట్లు. అర్జీ మాత్రం ఇంగ్లీషుల పెట్టుకోవాలె. రాజ్యం ఎవ్వలదైనా సరే, అర్జీ మాత్రం పెట్టుకునేటోనికి రాని భాషలనే ఉంటది. గందుకే మా ఇంట్ల మూడు తరాల సంది పొయ్యి ఆరలేదు.

లాడ్ బజార్‌కు పోయి చూడుండ్రి. గాజుల దుకాణపాయన పొద్దుందాక ఐదు భాషలు మాట్లాడతడు. బుర్ఖా వేసుకున్నామెతోని ఒకటి, మార్వాడీ సేఠానితోని ఒకటి, గుంటూరుకెల్లి వచ్చినామెతోని 'రండమ్మా, చూడండమ్మా' అని ఇంకొకటి. ఎందుకు? ఆయన గాజులు అమ్ముకోవాలె. సర్కార్‌కు అమ్ముకునే గరజేమున్నది? మనమే పోయి దాని ముందల నిలబడతం. గసుంటి దానికి ఒక్క భాష చాలదా, అది గూడ మనకు రానిది?

ఇగ తెలుగుల అర్జీ పెడితె ఎంత నష్టమో చెప్త వినుండ్రి. 'సార్, మా గల్లీల పది దినాల సంది మురికి మోరీ పొంగుతున్నది, పిల్లలు వాంతులు చేసుకుంటున్నరు' అని తెలుగుల రాసిండ్రనుకోండ్రి. సార్‌కు అర్థమైతది! అర్థమైతె ఏదన్న చెయ్యాలె, చెయ్యకపోతె మనసుల ఒక తీరుగ ఉంటది, టిఫిన్ డబ్బ తెరిస్తె పొంగిన మోరీ యాదికొస్తది. పాపం ఆయనకు గా శిక్ష ఎందుకు? అదే 'ఐ బెగ్ టు స్టేట్' అని మొదలుపెడితె, బెగ్ అన్న కాడికి చదివి, ఓహో అడుక్కుంటున్నడు అని తెలుసుకొని, ఒక మూలకు దస్కతు గీకి పక్కకు పెడతడు. ఇద్దరికి శాంతి.

మా గేటు మీది బోర్డు ఎంత అందంగ ఉంటదో! తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు, మూడు లిపులు. ఉర్దూ వరుస రాసిన పెయింటర్‌కు ఉర్దూ రాదు. చిత్తు కాయితం చూసుకుంట బొమ్మ దించినట్టు దించిండు. బోర్డు మీద మూడు భాషలకు మర్యాద చేసినంక, లోపల గూడ చెయ్యాల్నంటె ఎట్ల?

లోపలుండే పెద్దసారు పేరు జగన్నాథరావు గారు. గోదావరి దిక్కాయన, మూడేండ్ల కింద బదిలీ మీద వచ్చిండు. తెలుగంటె ఆయనకు ప్రాణం. మొన్న మాతృభాషా దినోత్సవం నాడు హాల్ల తెలుగు తీయదనం మీద ముప్పావు గంట మాట్లాడిండు. మీ హైదరాబాద్ తెలుగంతా ఉర్దూ కలిసి కలుషితమైపోయింది, బాగుచేసుకోండి అని మాకు బుద్ధి చెప్పిండు. తెల్లారి ఆఫీసుల అందరు తెలుగు వాడాల్నని ఒక సర్క్యులర్ తీసిండట. అది ఇంగ్లీషుల ఉన్నది. అటెండర్లు దాన్ని పట్టుకొని గేటు బయటికొచ్చి, ఇందుల ఏమున్నదని నన్ను అడిగిండ్రు. జీతాలు పెరగలేదు, ఫికర్ చెయ్యకుండ్రి అని చెప్పి పంపిన.

ఇగ నీలమ్మ ముచ్చట. ఆమె మొగడు దుర్గయ్య ఇదే ఆఫీసుల అటెండరు. ఇరవై రెండేండ్లు చేసిండు. కిడ్నీలు ఖరాబై రెండేండ్లు మంచాన పడ్డడు, పోయినేడు పోయిండు. సర్వీసుల ఉండంగ పోయినోని నౌకరి పెండ్లానికి ఇస్తరు, కాని ఏడాది లోపల అర్జీ పెట్టుకోవాలె. ఇంట్ల ఇద్దరు ఆడపిల్లలు, కిరాయి కొంప. ఆ నౌకరి వస్తె పిల్లలు చదువుకుంటరు, రాకపోతె ముగ్గురు కలిసి ఇండ్లల్ల గిన్నెలు తోముకోవాలె.

నా స్టూలు మీద కూసోని అరగంట చెప్పింది. మొగడు ఎట్ల పడ్డడు, తను ఏం చేసింది, ఎట్ల ఎల్లదీసింది, అంత. నేను తల ఊపుకుంట విన్న. వేళ్లు మాత్రం వాటి పని అవి చేసుకుంటున్నయి. అరిగిపోయిన ఫార్మాట్ గదా, పేర్లు మారిస్తె చాలు! మూడు పేజీలు ప్రింటు తీసి, గొంతు సవరించుకొని, ఇంగ్లీషుల రాగం తీసి చదివి వినిపించిన. నీలమ్మ కొంగు నోట్లె కుక్కుకొని ఏడ్సింది. ఒక్క ముక్క అర్థం కాకుంటనే! చెప్పుండ్రి, గంత శక్తి తెలుగుకున్నదా?

ఆ ఫార్మాట్ నాది కాదు. మా ఉస్తాద్ ప్రేమ్‌రాజ్ సాబ్‌ది. ఆయన పోయేముందు తన ఫైలు నా చేతుల పెట్టి, చివరి లైను ఎప్పుడు గూడ తీసెయ్యకు, దాంతోనే అర్జీకి బరువొస్తది అన్నడు. ఆ లైను గిది: 'ఐ షల్ నాట్ క్లెయిమ్ ఎనీ రైట్ ఇన్ దిస్ రిగార్డ్ ఇన్ ఫ్యూచర్.' దాని అర్థమేందని నేను అడగలే, ఆయన చెప్పలే. ఆయనకు గూడ తెల్వకపోవచ్చని ఇప్పుడు అనుమానమొస్తున్నది. పింఛను, నల్లా కనెక్షను, బదిలీ, ప్రసూతి సెలవు, అన్నిటి కింద అదే లైను పెట్టిన. ముప్పై ఏండ్లు! ఒక్క అర్జీ దాంతోని ఆగలేదు.

ఎందుకు ఆగలేదు? ఎవ్వలు చదవలేదు గనుక! పెట్టుకున్నోనికి తెల్వది, రాసినోనికి తెల్వది, మంజూరు చేసినోనికి తెల్వది. ముగ్గురికి ముగ్గురం ఒకల మీద ఒకలం నమ్మకంతోని బండి నడిపించినం. దేశమంటె గదే గదా?

కాని ఇది నౌకరి అర్జీ, జగన్నాథరావు గారి టేబులు దాక పోయింది, ఆయన చదివిండు. ఇంగ్లీషు నిజంగ వచ్చినోని చేతుల నా కాయితం పడుడు గదే మొదలు. ఆ లైను కింద ఎర్ర పెన్నుతోని గీత గీసి, అర్జీ కొట్టేసినట్టు నీలమ్మకు లెటర్ పంపిండు. గది గూడ ఇంగ్లీషులనే. ఆమె దాన్ని పట్టుకొని నేరుగ ఆయన కాడికే పోయింది. సారు కుర్చీలకెల్లి లేచి మరీ, చక్కటి తెలుగుల, రెండు నిమిషాలల్ల చెప్పిండట.

"నువ్వే రాసిచ్చావు కదా నీలమ్మా, ఇకముందు ఏ హక్కూ అడగనని. ఇక నేనేం చేయగలను?"

చూసిండ్రా? లేదు అని చెప్పనీకి తెలుగు ఎంత మంచిగ పనికొచ్చిందో! అడగనీకి పనికిరాని భాష కాదననీకి ఎట్ల సరిపోయిందో ఎవ్వలన్న పండితుడు పుస్తకం రాయాలె.

నీలమ్మ గేటు బయటికొచ్చింది. లొల్లి చేస్తదని నేను లాప్‌టాప్ మూసిపెట్టుకున్న. చెయ్యలే. స్టూలు మీద కూసోని, కాయితాలు నా ముందల పెట్టింది.

"అన్నా, నేను గట్ల అన్ననా?"

లేదన్న. మరి నేనేమన్న అని అడిగింది. మొగడు మంచాన పడ్డ రెండేండ్లు దినాం పొద్దుగాల వచ్చి ఈ ఆఫీసు ఊడ్చింది, ఫైళ్లు మోసింది, నీళ్లు పట్టింది నేనేనని రాసినవా అన్నది. మూడు పేజీలు తిప్పిన. లేదు. పెద్దసారు రూము తాళంచెవి నా నడుముకే ఉండెనని రాసినవా? లేదు. ఆ సారు దినాం ఆమె పట్టి పెట్టిన నీళ్లే తాగిండు. మనిషి ఆయనకు ఎరికే. కాయితంల మాత్రం ఆ మనిషి లేదు, ఉస్తాద్ ఫార్మాట్ ఉన్నది. నాకు సిగ్గయింది. చెప్తున్న గదా, సిగ్గయింది!

నేను చెప్పింది చెప్పినట్టు రాయన్నా అన్నది. లాప్‌టాప్‌ల తెలుగు కొట్టుడు నాకు రాదు. తెల్ల కాయితం తీసి పెన్ను పట్టిన. 'రెస్పెక్టెడ్ సర్' అని రాయబోయి రెండుసార్లు కొట్టేసిన. మూడోసారికి ఆమె చెప్తుంటె రాసిన. 'మా ఆయన దుర్గయ్య ఈ ఆఫీసుల ఇరవై రెండేండ్లు పని చేసిండు. ఆఖరు రెండేండ్లు ఆయన పని నేను చేసిన. అందరు చూసిండ్రు. ఆ పని నాకు వస్తది. అది నాకియ్యుండ్రి.' అంతే. చదివి వినిపించిన. ఈసారి ఏడవలే. 'అందరు చూసిండ్రు' కాడ, సార్ గూడ చూసిండు అని రాయి అన్నది. రాసిన. కింద తన పేరు తనే కూడబలుక్కొని రాసి, లోపలికి తీసుకపోయింది.

పది నిమిషాలల్ల వాపసొచ్చింది. కాయితాలు తీసుకునే సీట్ల స్వరూప అని ఒకామె ఉంటది, మంచిదే. నీలమ్మ మీద జాలితోనే చెప్పిందట. గిట్ల రాస్తె లోపల తీసుకోరక్కా, గేటు బయట వైకుంఠం సార్ ఉంటడు, ఆయనకు ఇంగ్లీషు మస్తు వస్తది, ఆయనతోని రాయించుకొని రా, సోమవారంతోని నీ ఏడాది గడువు అయిపోతది అని.

ఇయ్యాల శుక్రవారం. నీలమ్మ మళ్ల నా స్టూలు మీద కూసున్నది. నేను లాప్‌టాప్ తెరిచిన, ఫార్మాట్ తీసిన, ఆ చివరి లైను చెరిపేసిన. దాని మీది లైను అర్థం తెల్వలే. దాని మీదిది గూడ తెల్వలే. ఏది ఉంచాల్నో, ఏది తీసెయ్యాల్నో, ఏ లైను ఆమె కొంప ముంచుతదో ముప్పై ఏండ్ల అనుభవమున్న నాకు తెల్వలే.

"నాకు ఇంగ్లీషు రాదు నీలమ్మా," అన్న.

తిడుతదనుకున్న. తిట్టలే. గేటు దిక్కు చూసింది.

"పోనీ తియ్యన్నా. లోపలున్న సార్‌కు తెలుగొస్తది గదా?"

అయ్యలారా, అమ్మలారా! ఆమె ఇంక స్టూలు మీదనే కూసోని ఉన్నది. ఆమె అడిగినదానికి జవాబు మీల ఎవ్వలకన్న తెలిస్తె సోమవారం లోపల చెప్పుండ్రి. కాని తెలుగులనే చెప్పుండ్రి, మాకు అర్థం కావాలె.